చేతికి రెండు చుట్లు

మా షాపు గుమ్మానికి నిమ్మకాయ, మిరపకాయలు కట్టనివ్వని మనిషిని నేను. అమావాస్య నాడు బోరులోకి మోటరు దించొద్దని రైతులంటే, కరెంటుకు అమావాస్య తెలుసా అని వాళ్లతో తగువు పెట్టుకుంటాను. దయ్యం కథ చెప్పేవాడు దొరికితే మధ్యలో ఆపి "నువ్వు చూసినవా, ఎవరన్న చెప్తే విన్నవా?" అని నిలదీస్తాను. ఇలా అడిగి మా బామ్మర్దిని వాడి పెళ్లి పందిట్లోనే నలుగురి ముందు ఉడికించాను. వాడికి ఆ కోపం ఇంకా పోలేదు.

కాబట్టి ఇది చదివి ఎవరైనా నన్ను ఉడికిస్తే తప్పు పట్టను. చెల్లుకు చెల్లు. జరిగింది జరిగినట్టు చెప్తాను, అంతే.

మాది సిద్దిపేట. మోటర్ల వైండింగ్ షాపు. కాలిన మోటరు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టడం నా పని. కుడి చేత్తో పిడి తిప్పుతుంటే ఎడమ చేతి వేళ్ల మధ్య నుంచి తీగ సాగుతూ పోతుంది. బిగువు ఎక్కువైతే తెగుతుంది, తక్కువైతే కాయిల్ వదులై నెల తిరగకముందే రైతు మళ్లీ మోటరు మోసుకొస్తాడు. ఆ బిగువు చెప్పే మిషను ఏదీ నా దగ్గర లేదు. ఉన్నది ఎడమ చెయ్యి ఒక్కటే. ఆ వేళ్లు పోతే షాపుకు తాళం వేసుకోవాల్సిందే. వేరే పని నాకు రాదు.

మా బాపు చిన్నకోడూరు చెరువులో చేపలు పట్టి మమ్మల్ని పెంచాడు. వల అందరూ వేస్తారు. ఆయనకు పేరు తెచ్చింది వాలుగ చేప. గాలానికి ఎర గుచ్చి చేతి తాడుతోనే పట్టేవాడు, కర్ర గిర్ర ఏమీ ఉండేది కాదు. చేప గుంజగానే తాడును ఎడమ చేతికి గబగబా రెండు చుట్లు చుట్టి, గట్టు మీద మడమలు తన్నిపెట్టి నిలబడేవాడు. నాకు పదేళ్లప్పుడు నేర్పాడు. "రెండు చుట్లు పడ్డంక చెరువంత నీ చేతిల ఉన్నట్టే కొడుకా" అనేవాడు. తడి తాడు చేతిలో జారుతుంది కదా, చుట్లు వేస్తే జారదు. చెరువు చేపకు ఆ పద్ధతి సరిపోయింది. మా ఇంట్లో ఎవరి వేలూ తెగలేదు.

ఇది జరగడానికి ఏడాదిన్నర ముందు బాపుకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. మాట పుట్టే చోటే దెబ్బతిన్నదని, ఇక ఆశ పెట్టుకోవద్దని హైదరాబాద్ డాక్టరు చెప్పాడు. మాట వినబడుతుంది, అర్థమవుతుంది, తిరిగి చెప్పడమే రాదు. ఊరంతా వినబడే గొంతు ఆయనది. మొదటి ఆరు నెలలు రోజూ పక్కన కూర్చొని నా పేరు పలికించాలని చూశాను. తర్వాత మానేశాను. ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

ఇక యూసుఫ్ భాయి. మా షాపు పక్కనే ఆయన లేత్ మిషను. పదిహేనేళ్ల దోస్తానా. ఎక్కడ చూశాడో, ఫోనులో సముద్రం చేపల వేట చూసి పిచ్చి పట్టించుకున్నాడు. జీటీ అని ఒక చేప. కోస్తావాళ్లు పార అంటారట, ఆ జాతిలో అన్నిటికన్నా పెద్దది. రాళ్ల అంచున తిరుగుతూ, కంటబడిన చిన్న చేపనల్లా మింగుతుంది. దాన్ని పట్టడానికి పాపర్ అనే చెక్క చేపను విసిరి నీటి మీద గుంజుతుంటారు. అది గుబుక్కు గుబుక్కుమంటుంటే దెబ్బతిన్న చేప అనుకొని జీటీ వచ్చి మీద పడుతుంది. పట్టాక ఫోటో దిగి మళ్లీ నీళ్లలో వదిలేయాలి. తినరు.

యూసుఫ్ భాయి ఆ పాపర్లను లేత్ మీద టేకుతో తానే తయారుచేశాడు. రంగులు నేను వేశాను. ఆయనతో పాటు నాకూ అంటుకుంది ఆ పిచ్చి. ఆదివారాలు చంద్లాపూర్ పోయి, రంగనాయక సాగర్ కట్ట దగ్గర గాలం లేని పాపర్ కట్టి దూరం విసరడం నేర్చుకునేవాళ్లం. బర్లు కాసే ఒకాయన గంటసేపు చూసి చూసి దగ్గరికొచ్చాడు.

"ఎర లేదు, గాలం లేదు, ఏం పడ్తున్రు పటేలా?"

ప్రాక్టీసు అని చెప్పాం. అండమాన్ పోయి పెద్ద చేపను పట్టి ఇడిసిపెడతాం అని కూడా చెప్పాడు యూసుఫ్ భాయి. ఆ బర్ల మనిషి మా ఇద్దరినీ కిందికీ పైకీ చూశాడు. "ఇడిసిపెట్టేటందుకు గంత దూరం ఎందుకు, పట్టకుంటె అయిపాయె గద" అన్నాడు. యూసుఫ్ భాయి మళ్లీ పాపర్ విసిరాడు.

రెండేళ్లు అనుకొని అనుకొని చివరికి టికెట్లు తీసుకున్నాం. బయలుదేరే ముందు రోజు సాయంత్రం యూసుఫ్ భాయి గాలం రాడ్లు పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. పాపర్‌కు ముందు మందపాటి నైలాన్ తాడు ఒకటి కడతారు, రాళ్లకు కోసుకుపోకుండా. ఆ తాడు ముక్క ఒకటి బాపు చేతికి ఇచ్చాను. కళ్లు మెరిశాయి. మంచి చెయ్యి ఎడమదే కాబట్టి, తాడు కొసను పళ్లతో పట్టుకొని ఆ చేతికి రెండు చుట్లు చుట్టాడు. అలవాటు.

"అట్ల వద్దు చాచా" అన్నాడు యూసుఫ్ భాయి. "సముద్రం చేప గట్ల చుట్టుకుంటె వేళ్లు తెంపుకపోతది. లేకుంటె మనిషినే గుంజుకపోతది."

బాపు ఆ మాట విని చేతికున్న చుట్ల వైపు చాలాసేపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. ఈ సంగతి దాచకుండా ఎందుకు చెప్తున్నానంటే, చుట్టుకుంటే ప్రమాదం అని బాపుకు ముందే తెలుసు. ఆయన ఆ భయం పెట్టుకొని ఉండొచ్చు. అక్కడి వరకు నాకు వింత ఏమీ లేదు.

అండమాన్‌లో మా పడవ నడిపినాయన పేరు అప్పన్న. తాతల నాడు శ్రీకాకుళం నుంచి పోయినవాళ్లు, ఆయన పుట్టింది పెరిగింది అక్కడే. పడవలో మేం ముగ్గురమే. వెనక ఇంజను దగ్గర అప్పన్న, ముందు భాగంలో మేమిద్దరం, మధ్యలో ఖాళీ. నీడకు వేసిన పైకప్పు గొట్టానికి యూసుఫ్ భాయి చిన్న కెమెరా బిగించి, పొద్దున్నే ఫోను చూసి అందులో టైము సరిచేశాడు.

మొదటి రోజు ఏమీ పడలేదు. భుజాలు పుండ్లయ్యాయి. రెండో రోజు పొద్దున పదిన్నర దాటాక, ఒక చిన్న దీవి వెనక రాళ్ల అంచున యూసుఫ్ భాయి పాపర్ వెనక నీళ్లు ఒక్కసారి ఉబ్బాయి. ధబేల్మని చప్పుడు. రాడ్డుకు దారం చుట్టిన రీలు గీపెట్టింది. యూసుఫ్ భాయి "యా అల్లా" అని మోకాళ్ల మీద పడి మళ్లీ లేచాడు. పావుగంట పైనే గుంజులాడాడు. ముఖం కందిపోయింది, నవ్వుతూనే ఉన్నాడు.

చేప పడవ పక్కకు వచ్చింది. వెడల్పాటి తల, వెండి రంగు ఒళ్లు. తూకం వేయలేదు గానీ నా భార్య రమకన్నా బరువు తక్కువేం ఉండదు. మామూలుగా అయితే అప్పన్న చేతులకు తొడుగులు వేసుకొని ముందుకొచ్చి తాడు పట్టుకోవాలి. అప్పుడే పడవ రాళ్ల వైపు జరుగుతోంది. ఆయన ఇంజను వదిలి రాలేకపోయాడు.

"ఒక్క నిమిషం ఆగండి బాబూ, నానొస్తన్నాను" అని వెనక నుంచి అరిచాడు.

నేను ఆగలేదు. ఆగితే ఈ కథే లేదు. వంగి ఎడమ చేత్తో తాడు పట్టుకున్నాను. జారింది. అంతే, ఆలోచన లేదు, ఏమీ లేదు, గబగబా రెండు చుట్లు చుట్టేశాను. నలభై ఏళ్లు దాటినవాణ్ణి, సముద్రం మీద నిలబడి చిన్నకోడూరు చెరువు గట్టు మీదున్న పదేళ్ల పిల్లోడి పని చేశాను. చేప బరువుకు తాడు బిగిసి అరచేతిలో దిగింది. యూసుఫ్ భాయి చూపు చేప మీదే ఉంది. నా చెయ్యి చూడలేదు.

అప్పుడు నా ఎడమ మోచేతి కింద ఎవరో అరచెయ్యి పెట్టి ముందుకు తోసినట్టయింది.

గట్టిగానే తోసినట్టయింది. నా చెయ్యి ముందుకు, చేప వైపు పోయింది. తాడు వదులై చుట్లు రెండూ వేళ్ల మీదుగా జారి నీళ్లలో పడ్డాయి. అరె, చేప పోయింది అనుకున్నాను. కోపం కూడా వచ్చింది. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు గడిచింది.

పడవ కింది నుంచి ఒక నల్లటి ఒళ్లు లేచింది. సొర. జీటీని నడుముకు కరుచుకొని కిందికి పోయింది. తాడు పడవ అంచును కోస్తూ పోయింది, ఫైబరు మీద వేలు దూరేంత గాడి పడింది. యూసుఫ్ భాయి చేతిలో రాడ్డు అంచుకు కొట్టుకొని రెండు ముక్కలైంది. తర్వాత దారం తెగింది. నీళ్లు కాసేపు ఎర్రగా ఉండి మామూలు రంగుకు వచ్చాయి.

నేను కూలబడి నా ఎడమ చెయ్యి చూసుకుంటూ కూర్చున్నాను. అరచేతి మీద రెండు ఎర్రటి గీతలు. వేళ్లు ఐదూ ఉన్నాయి. ఒక్కొక్కటే మడిచి చూసుకున్నాను. అప్పన్న వచ్చి ఆ గీతలు చూసి తల పట్టుకున్నాడు.

"సుట్టుకున్నారా? ఏటి బాబూ! సెయ్యే కాదు, మడిసే పోదురు" అని తిట్టాడు. నాకు తిట్లు అంత తియ్యగా ఎప్పుడూ వినబడలేదు.

మోచేతి సంగతి వాళ్లకు చెప్పలేదు. అల వచ్చి పడవ ఊగి ఉంటుంది అనుకున్నాను. దీవి చాటున అలలు లేని మాట నిజమే. అయినా అల అనే అనుకున్నాను.

సముద్రం మీద ఫోను పనిచేయదు. సాయంత్రం రేవుకు వచ్చాక మెసేజీలన్నీ ఒక్కసారి దిగాయి. అందులో రమ పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి. అక్కడే రేవులో నిలబడి విన్నాను.

"ఏమయ్యా, తిన్నవా? ఎండల తిర్గకు. చిన్నకోడూరు కెల్లి ఎవరో మోటరు తెచ్చిన్రు, సోమారం రమ్మన్న. మామకు ఇప్పుడే చాయ్ ఇచ్చిన..."

అక్కడ వెనక నుంచి గ్లాసు పడ్డ చప్పుడు. ఆ తర్వాత మా బాపు గొంతు.

"ఇడువురా కొడుకా! చుట్లు ఇడువు!"

ముద్దగా లేదు, తడబాటు లేదు. ఊరంతా వినబడే ఆ పాత గొంతు. తర్వాత రమ "మామా! మామా!" అని అరవడం, అక్కడితో ఆగిపోయింది. రమ ఫోను వదలగానే అదే పోయినట్టుంది, టైము పదకొండుకు తొమ్మిది నిమిషాలు తక్కువ.

లాడ్జికి పోయి కెమెరాలోది యూసుఫ్ భాయి ఫోనులో వేసి చూశాం. చుట్లు జారింది ఆ నిమిషమే. సెకన్లతో సహా సరిపోయిందని చెప్పను. ఫోను గడియారానికి, కెమెరా గడియారానికి కొంత తేడా ఉండొచ్చు. నిమిషం మాత్రం అదే. వీడియోలో చుట్లు జారడం కనిపిస్తుంది, తర్వాతే సొర రావడం కనిపిస్తుంది. నా వెనక ఎవరూ లేరు. అప్పన్న ఇంజను దగ్గరే ఉన్నాడు. యూసుఫ్ భాయి దాన్ని ఐదారుసార్లు చూసి, ఫోను బోర్లా పెట్టి నమాజుకు లేచాడు.

రమకు ఫోన్ చేస్తే ఏడుస్తోంది. బాపు మళ్లీ మాట్లాడలేదట. డాక్టరు దగ్గరికి తీసుకుపోయారట, ఒక్కోసారి అలా ఒక మాట తన్నుకొస్తుంది, మళ్లీ రాదు అన్నాడట. సరే, దానికి ఒక కారణం దొరికింది అనుకున్నాను.

"ఏం చుట్లయ్యా?" అని రమ అడిగింది. ఏదో పాత జ్ఞాపకం వచ్చి ఉంటుందిలే అన్నాను. నా చెయ్యి తాడులో ఇరుక్కున్న సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే మళ్లీ గడప దాటనివ్వదు. వీడియో చూపించొద్దని యూసుఫ్ భాయితో ఒట్టు వేయించుకున్నాను. చేప తప్పించుకుంది అని మాత్రం అందరికీ చెప్పాం. ఊళ్లో నవ్వారు. నవ్వనీ.

ఇంటికి వచ్చాక నాకు నిద్ర పట్టలేదు. కారణం సొర కాదు. వైండింగ్ చేసేవాణ్ణి, చుట్టు సంగతి నాకు తెలుసు. లాగుడు మీదున్న తాడు రెండు చుట్లు పడితే చెయ్యి తెరిచినంత మాత్రాన ఊడదు, ఇంకా బిగుస్తుంది. మూడో రోజు షాపులో అదే రకం తాడు చేతికి చుట్టుకొని, అవతలి కొసకు కాలిపోయిన మోటరు కట్టి వేలాడదీశాను. వేళ్లు తెరిచాను. ఊడలేదు. మణికట్టు తిప్పాను. ఊడలేదు. పది రకాలుగా చూశాను. ఒక్కటే దారి ఉంది. చెయ్యిని వెనక్కి లాక్కోకుండా, లాగే బరువు వైపే ఒక్కసారి తోయాలి. అప్పుడు వదులై జారుతుంది. ప్రాణభయంలో ఏ మనిషీ ఆ పని చెయ్యడు. ఎవడైనా వెనక్కే లాక్కుంటాడు. పైగా నాకు అప్పుడు భయం కూడా లేదు. సొర వస్తోందని నాకు తెలియదు కదా.

ఆ సాయంత్రం షాపు తొందరగా మూసి ఇంటికి పోయాను. రమ కూరగాయలకు పోయింది. బాపు మంచం మీద కూర్చొని ఉన్నాడు. నేను పక్కన కూర్చొని ఎడమ చెయ్యి చాపాను. గీతలు అప్పటికి మానిపోయాయి. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"బాపూ, తాడు రెండు చుట్లు పడ్డది. ఊడే ముచ్చట కాదు. ఎట్ల ఊడింది?" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చూడలేదు. అటు తిరుగు అన్నట్టు ఎడమ చేత్తో సైగ చేశాడు. నేను వీపు ఆయన వైపు పెట్టి, గోడకేసి తిరిగి కూర్చున్నాను. వెనక ఆయన ఊపిరి వినబడుతోంది.

తర్వాత నా ఎడమ మోచేతి కింద అరచెయ్యి పెట్టి ముందుకు తోశాడు.

అదే చోటు. అంతే గట్టిగా. నా చెయ్యి గోడ దాకా పోయింది. మోచేతి సంగతి నేను యూసుఫ్ భాయికి చెప్పలేదు, రమకు చెప్పలేదు, దేవుడికి కూడా చెప్పలేదు.

నాకు ఏడుపు ఆగలేదు. అటు తిరిగే, గోడ వైపు ముఖం పెట్టుకొనే ఏడ్చాను. "నువ్వేనా బాపూ?" అన్నాను. "ఊ" అన్నాడు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, లేకపోతే నేను అబద్ధం ఆడినట్టవుతుంది. మా బాపు అన్నిటికీ "ఊ" అనే అంటాడు. అన్నం పెట్టనా అన్నా "ఊ", కడుపు నిండిందా అన్నా "ఊ". ఆయనకు మిగిలిన చప్పుడు అది ఒక్కటే. కాబట్టి దాన్ని సాక్ష్యం కింద రాసుకోలేను. వేరొకడెవడైనా నాకు ఈ కథ చెప్పి ఉంటే, ఆ "ఊ" దగ్గరే పట్టుకొని వాణ్ణి ఉతికి ఆరేసేవాణ్ణి.

ఎట్లా జరిగిందో నాకు తెలియదు. అడిగితే మళ్లీ "ఊ" అంటాడు. పైగా రెండోసారి అడిగితే ఈసారి అనకుండా ఊరుకుంటాడేమో అని భయం. అందుకే అడగలేదు.